పిట్ట ముట్టని విస్తరి

నేను మా ఊరు తుని తిరిగి వచ్చేసరికే, హైదరాబాద్‌లో నేను దిగిన ఖాజాగూడ హాస్టల్లో ఈ సంగతి రెండు మూడు రూపాలు దాల్చింది. ఒకదాంట్లో నేను మూడు రోజులు జ్వరంతో పలవరించానట. ఇంకోదాంట్లో నా గొంతే మారిపోయిందట. రెండూ అబద్ధం. ఇలాంటి సంగతులు పాడైపోయేది ఇక్కడే. మా ఊరి శాఖా గ్రంథాలయంలో దయ్యాల అనుభవాల మీద ఉన్న పుస్తకాలన్నీ చదివాను. ఎవరో ఎవరికో చెప్పగా విన్నవి తప్ప, జరిగినవాడు కూర్చుని రాసుకున్నది ఒక్కటీ కనపడలేదు. ఆ విస్తరిలో అన్నం తిన్నది నేను. కాబట్టి నేనే రాయాలి.

ముందే చెబుతున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఎప్పుడూ లేదు. నేను దర్జీని. పదో తరగతితో చదువు ఆగింది గాని చదవడం ఆగలేదు. నా కొట్టుకు ఎదురుగానే గ్రంథాలయం. ఇరవై ఆరేళ్లుగా మధ్యాహ్నం కొట్టు మూసి అక్కడికే వెళ్తున్నాను. చరిత్ర, వైద్యం, మనస్తత్వశాస్త్రం, ఏ బీరువానీ వదల్లేదు. మనిషి చచ్చిపోయాక మిగిలేదేమిటో వాటిల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. అందుకే ఎవరినీ నమ్మకుండా ఉండటం అలవాటైంది.

నాకు పెళ్లి కాలేదు. ఏటా పదిహేను రోజులు కొట్టు మూసి ఏదో ఒక ఊరు వెళ్తాను. గుళ్లూ కోటలూ చూడటానికి కాదు. ఆ ఊళ్లో కష్టం చేసుకునేవాళ్లు రోడ్డు మీద ఏం తింటారో అది తినడానికి. తక్కువ డబ్బుల్లో అయిపోయే సరదా అదొక్కటే. ఒంటరిగా హోటల్లో కూర్చుంటే ఎదుటి కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది. బండి దగ్గర నిలబడి తింటే కుర్చీలే ఉండవు.

ఈసారి హైదరాబాద్ వచ్చాను. ఖాజాగూడలో ఒక హాస్టల్లో, మా ఊరివాళ్ల బంధువు ఖాళీ చేసిన మంచం పదిహేను రోజులకు దొరికింది. గదిలో ఇంకో ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, నవీన్, ప్రసాద్. మంచివాళ్లే. వాళ్లు లేచేసరికి నేను బయట ఉండేవాణ్ణి, వాళ్లు వచ్చేసరికి నిద్రలో ఉండేవాణ్ణి.

మొదటి మూడు రోజుల్లో ఎవరితోనైనా నేను మాట్లాడిన మాటలు లెక్కపెడితే పాతిక కూడా ఉండవు. ప్లేట్ ఇడ్లీ. ఒక టీ. ఉల్లిపాయ ఎక్కువ వేయండి. నాకు పచ్చి ఉల్లిపాయ ప్రాణం, ఇది గుర్తుపెట్టుకోండి. అద్దాల మేడల్లోంచి వేలమంది మెళ్లో కార్డులు వేలాడేసుకుని కిందికి దిగుతారు, గుంపుగా తింటారు, గుంపుగా పైకి పోతారు. ఫోనులో డబ్బులు పంపిన మోత వినపడితే చాలు, అమ్మేవాళ్లు తల కూడా ఎత్తరు. నా మొహం చూసినవాళ్లు ఆ మూడు రోజుల్లో లేరు.

నాలుగో రోజు ఉదయం పదకొండు దాటింది. ఖాజాగూడ గుట్టల పక్క రోడ్డు మీద భోజనం అమ్మేవాళ్లు అప్పుడప్పుడే సామాను దించుకుంటున్నారు. ఒకచోట స్టీలు డబ్బాలు, గిన్నెలు బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. మనిషి లేదు. బల్లకు నాలుగడుగుల అవతల నడుమెత్తు బండ ఒకటి, దాని మీద విస్తరి వడ్డించి ఉంది. అన్నం, బోటీ కూర, పప్పుచారు, ఉడికించిన గుడ్డు, ఓ మూల కారప్పొడి. పక్కన గ్లాసుతో నీళ్లు.

తొందరగా తినిపోయేవాళ్ల కోసం ముందే వడ్డించి ఉంచుతారు కాబోలు అనుకున్నాను. అలా ఉంచే బండ్లు వేరే ఊళ్లలో చూశాను. డబ్బులు తర్వాత ఇవ్వచ్చులే అని తినడం మొదలుపెట్టాను. ఎదుటి ప్రహరీ మీద రెండు కాకులు కూర్చుని ఉన్నాయి. విస్తరి వంకే చూస్తున్నాయి గాని దిగలేదు, అరవలేదు. బోటీ నేను అంతకుముందెప్పుడూ తినలేదు. పేగులంటే నాకు ఒకరకమైన జంకు. ఆ రోజు మాత్రం మెతుకు మిగల్చలేదు. తిన్నంతసేపూ ఉల్లిపాయ అడగాలన్న ఆలోచనే రాలేదు.

చెయ్యి కడుక్కుంటుంటే బిందెతో నీళ్లు పట్టుకుని ఆవిడ వచ్చింది. నలభై దాటిన మనిషి. ఖాళీ విస్తరిని చూసింది, నన్ను చూసింది. బిందె మెల్లగా కింద పెట్టింది.

"మొత్తం తిన్నవా సారూ?"

"తిన్నానండి. బాగుంది. ఎంతివ్వమంటారు?"

"ఓయమ్మో," అని ఆవిడ నేల మీద కూర్చుండిపోయింది. "నెల కావస్తున్నది, ఒక్క పిట్ట ముట్టలే. ఏ ఊరోడివో, వచ్చి గిన్నె నాకినట్టు తింటివి గదయ్యా!"

నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. డబ్బులు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "దానికి పైసల్ తీస్కోరు," అంది.

అప్పుడు చెప్పింది. ఆవిడ పేరు బాలమణి. సొంతూరు జనగామ వైపు. భర్త నర్సింహులు ఆటో నడిపేవాడు. తెల్లవారుజామున ఆవిడ వండితే ఆటోలో తెచ్చి దించి, మళ్లీ గిరాకీకి పోయేవాడు. ఆయన చనిపోయి ఇరవై రెండు రోజులైంది. వాళ్లలో మనిషి పోయిన మూడోరోజు, ఐదోరోజు, దినాల రోజు ఆ మనిషికి ఇష్టమైనవి వండి బయట పెడతారు. కాకి వచ్చి ముట్టాలి. దాన్నే పిట్టకు పెట్టడం అంటారు. ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. నర్సింహులు విస్తరిని మూడుసార్లూ ఏ కాకీ ముట్టలేదు. అందుకని ఆయన రోజూ తినే బండ మీదే, రోజూ మొదటి విస్తరి పెడుతోంది.

పిండప్రదానం గురించి నేను చాలా చదివాను. ఏ నదిలో ఏ దిక్కుకు తిరిగి వదలాలో చెప్పగలను. అంత చదివీ, రోడ్డు పక్క బండ మీద పెట్టిన బోటీ కూర చచ్చిపోయినవాడిదని తెలుసుకోలేకపోయాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నీ తప్పేం లేదులే," అంది బాలమణి. "నాదే పాపిష్టి నోరు. ఆ పొద్దు ఆటో లేటుగ తెచ్చిండు. జాగ వేరేటోళ్లు వట్టుకున్నరు, అన్నం సల్లారింది, గిరాకీ పోయింది. కోపంల అన్న. ఇగ నా చేతి కూడు ముట్టకు, ఏడ తింటవో తినుపో అన్న. పోయిండు. నల్లగండ్ల కాడ ఆటోలనే తల వాల్చిండట. ఖాళీ కడుపుతోని పోయిండని మా అత్త ఇప్పటికీ తిడ్తది. ముట్టకన్న గద, ముట్టుతలేడు."

అంతే ఆవిడ బాధ. ఆయన చనిపోయాడన్న దుఃఖం ఒకెత్తు, తన మాట వల్ల ఆకలితో పోయాడన్నది ఇంకో ఎత్తు. నేను అక్కణ్ణుంచి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం రాయదుర్గంలో ఒక టీ బండి దగ్గర ఆగాను. ఆ బండికి అదే మొదటిసారి వెళ్లడం. టీ కాచే మల్లేశ్ తల ఎత్తకుండానే ఒక టీని రెండు స్టీలు గ్లాసుల్లో సగం సగం పోసి నా ముందు పెట్టాడు. మిగతా అందరికీ కాగితం కప్పుల్లో ఇస్తున్నాడు. ఎందుకలా అని అడిగాను.

"నువ్ గట్లనే తాగుతవ్ గదనే," అన్నాడు. తర్వాత తల ఎత్తి నన్ను చూసి ఒక క్షణం తడబడ్డాడు. "ఏమో సార్, గట్ల చెయ్యి పోయింది," అని ఇంకొకరి వైపు తిరిగాడు.

మర్నాడు పొద్దున గచ్చిబౌలి దగ్గర ఇడ్లీ బండి. అక్కడికీ కొత్తే. బండి నడిపే సుజాత నా ప్లేటులో చట్నీ పోయకుండా కారప్పొడి వేసి, నూనె చుక్క చల్లి ఇచ్చింది. "చానా దినాలకొస్తివి అన్నా, ఊరికి పోయినవా?" అంది. నేను ఆమెను సరిచేయలేదు. తల ఊపాను.

ఆ తల ఊపడం గురించి నిజాయితీగా రాయాలి. అది భయంతో కాదు. ఈ నగరానికి వచ్చాక మొదటిసారి ఎవరో నన్ను, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావు అని అడిగారు. నలభై ఆరేళ్లలో ఆ మాట నన్ను అడిగినవాళ్లు చాలా తక్కువ.

ఆ తర్వాత మిర్చి బండి దగ్గర, బోండాల బండి దగ్గర, అంతా ఒకే తంతు. నేను నోరు తెరవకముందే ఉల్లిపాయ లేకుండా, నిమ్మకాయ రెండుసార్లు పిండి ఇచ్చేవాళ్లు. రోజుకు రెండుసార్లు తినేవాణ్ణి నాలుగుసార్లు తినడం మొదలుపెట్టాను. ఆకలై కాదు. ఉల్లిపాయ కావాలని ఒక్కరోజూ అడగలేదు, అడిగితే ఆ చనువు పోతుందేమోనని.

ఒక రాత్రి మేలుకుని ఉండి గదిలో చెబితే నవీన్ నమ్మలేదు. "అంకుల్, వాళ్లు అందరితోనూ అలాగే మాట్లాడతారు, కస్టమర్లని పట్టుకోవడానికి," అన్నాడు. అది సబబుగానే తోచింది. మన మనసు కలిసొచ్చినవి గుర్తుపెట్టుకుని కలవనివి మరిచిపోతుందని నేనూ చదివాను. అందుకే పరీక్ష పెట్టుకున్నాను. ఒక సెలవు రోజంతా నవీన్‌ని వెంటబెట్టుకుని తిరిగాను. అతనికి కాగితం కప్పు, నాకు రెండు గ్లాసులు. అతనికి చట్నీ, నాకు కారప్పొడి. నవీన్ మొహం పాలిపోయింది, కానీ ఇడ్లీ మాత్రం వదల్లేదు.

మర్నాడు ఒక్కణ్ణే బస్సెక్కి జీడిమెట్ల వెళ్లాను. ఫ్యాక్టరీల గేట్ల ముందు ఏడు బండ్ల దగ్గర ఏదో ఒకటి తిన్నాను. ఒక్కరూ నన్ను గుర్తుపట్టలేదు. అడిగితేనే చట్నీ వేశారు, అడగకపోయినా ఉల్లిపాయ వేశారు. పరీక్ష సరిగ్గా జరిగినందుకు సంతోషించాల్సింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు మధ్యాహ్నం, గిరాకీ తగ్గాక బాలమణి దగ్గరికి వెళ్లాను. మీ ఆయన టీ ఎలా తాగేవారు అని అడిగాను.

"గదేం అడుగుడు సారూ? రెండు గ్లాసులల్ల వోసుకుని, దాంట్లకెళ్లి దీంట్లకు, దీంట్లకెళ్లి దాంట్లకు. అర్ధగంట. టీ తాగుతున్నవా, పాలు తోడు వెడ్తున్నవా అని నవ్వేదాన్ని."

ఉల్లిపాయ వాసన గిట్టదట. ఇడ్లీలోకి కారప్పొడే. ఆవిడ ఫోనులో ఫోటో చూపించింది. పొట్టిగా, లావుగా, గుబురు మీసాలతో నవ్వుతున్న మనిషి. నేను ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ. బక్కపల్చన. మీసం లేదు, కళ్లద్దాలున్నాయి. ఎంత పరధ్యానంలో ఉన్నవాళ్లయినా మా ఇద్దరినీ ఒకరనుకోరు.

జరిగిందంతా చెప్పాను. భయపడుతుందేమో అనుకున్నాను. ఆవిడ లేచి నిలబడింది.

"అయితే అడుగు సారూ. ఆ దినం ఏడన్న తిన్నడా అడుగు. ఎన్ని బండ్ల కాడికి వోయినా, జర అడుగు. నేను వోయి అడిగిన, ఎవ్వరూ చెప్పలే. ఆటోలోళ్లు వెయ్యిమంది వస్తరు, ఎవల్నని యాదికుంచుకుంటమన్నరు."

మూడు రోజులు తిరిగాను. నోరు తెరిచి అడగడం నా వల్ల కాలేదు. నేను ఫలానా వాణ్ణి కాదని చెప్పి అడిగితే వాళ్లకు ఏమీ తెలియదు. నేనే ఆయన్నన్నట్టు అడిగితే అది మోసం. ఊరికే వెళ్లి నిలబడేవాణ్ణి, వాళ్లే ఏమన్నా అంటారేమోనని. ఎవరూ ఏమీ అనలేదు. నా తిరుగు ప్రయాణానికి ఇంక మూడు రోజులే ఉంది.

ఆ మూడో రోజు మధ్యాహ్నం నల్లగండ్లలో, అపార్ట్‌మెంట్లు కడుతున్న సందు మొదట్లో, పాత మారుతి వ్యాను వెనక తలుపు ఎత్తి భోజనం అమ్ముతున్న ఒక ముసలామె కనిపించింది. ఎల్లవ్వ. చుట్టూ కూలీలు కూర్చుని తింటున్నారు. నేను వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఆమె గరిటె ఎత్తి ఆపేసింది.

"మళ్ల అచ్చినవా? సిగ్గుండాలె," అంది.

నేను ప్లేటు ముందుకు చాపాను.

"బోటీ పెడ్తే ఏమంటివి ఆ దినం? నా పెండ్లాం బోటీ ముంగట నీది కడుగునీళ్లు అంటివి. గట్లన్నోడివి రెండుమార్లెందుకు పెట్టించుకున్నవ్? నా కూర తినుకుంట దాని ముచ్చట! కోపంల ఉన్నదన్నవ్, పొద్దుగూకేసరికి సల్లవడ్తది అన్నవ్. సల్లవడ్డదా?"

పక్కన తింటున్న ఒకాయన నవ్వాడు. నాకు పెళ్లాం లేదు. నేను ఎల్లవ్వను చూడటం అదే మొదటిసారి. ఆ మాటలకు జవాబు చెప్పాల్సిన మనిషి లేడు. నేనే చెప్పాల్సి వచ్చింది.

"చల్లబడిందండి," అన్నాను.

ఎల్లవ్వ నా ప్లేటులో రెండు గరిటెల బోటీ వేసింది. అక్కడే నిలబడి తిన్నాను. రుచిగానే ఉంది. కానీ బాలమణి చేసినంత బాగా లేదు, ఆ మాట నిజం.

తిన్నాక ఆటో ఎక్కాను. ఈ పదిహేను రోజుల్లో ఆటో ఎక్కింది అదొక్కసారే. బాలమణి గిన్నెలు కడుగుతోంది. ఎల్లవ్వ అన్న మాటలు ఒక్కటీ మార్చకుండా అప్పజెప్పాను. రెండుసార్లు పెట్టించుకున్నాడని చెప్పినప్పుడు ఆవిడ గిన్నె వదిలేసింది. కడుగునీళ్లు అన్న మాట దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది నవ్వే. చాలాసేపటి తర్వాత ఏడుపైంది.

"తిన్నడు," అంది. "ఆకలితో పోలే. కోపంతోని పోలే."

మర్నాడు పదకొండింటికి ఆవిడ మళ్లీ విస్తరి వేసింది. ఈసారి బండ దగ్గర నిలబడి పైకే అంది, "నేనన్న మాట ఎన్కకు తీస్కుంటున్న. తిను." ఇద్దరం కాసేపు చూశాం. ప్రహరీ మీద కాకులు లేవు. ఇంతలో ఆఫీసుల జనం వచ్చిపడ్డారు. ఆవిడ వడ్డిస్తుంటే నేను ప్లేట్లు అందించాను. రద్దీ తగ్గి తిరిగి చూస్తే విస్తరి ఖాళీగా ఉంది. కాకి తిందో, కుక్క తిందో, పనికి పోయే మనిషెవరైనా తిన్నాడో మేం చూడలేదు. ఆవిడ ఎవరినీ అడగలేదు. విస్తరి మడిచి, బండ కడిగి, దాని మీద మంచినీళ్ల డబ్బా పెట్టింది, గిరాకీవాళ్లకు అందేలా.

ఆ సాయంత్రం మల్లేశ్ నాకు కాగితం కప్పులో టీ ఇచ్చాడు. మర్నాడు పొద్దున సుజాత తల ఎత్తకుండా, "చట్నీ ఏదెయ్యాలె సార్, పల్లీదా కొబ్బరిదా?" అంది. రెండూ వేయమన్నాను. నిలబడి తినేసి వచ్చాను. ఇడ్లీ అదే ఇడ్లీ.

బస్సెక్కే రోజు మధ్యాహ్నం ఎల్లవ్వ దగ్గరికి మళ్లీ వెళ్లాను. బాలమణి పంపిన నర్సింహులు ఫోటో నా ఫోనులో ఉంది. చూపించి, ఈయన తెలుసా అన్నాను. తెలుసు, ఆటో అతను, ఒక్కసారే వచ్చాడు, రెండుసార్లు పెట్టించుకుని పెళ్లాన్ని పొగుడుతూ కూర్చున్నాడు అంది. పోయాడని చెబితే గరిటె పక్కన పెట్టి చేతులు జోడించింది. ఇదంతా మొన్న నాతోనే చెప్పారు కదా అన్నాను.

"నీకెప్పుడు చెప్పిన సారూ? నిన్ను గిప్పుడే సూస్తున్న," అంది ఎల్లవ్వ.

ఇంత తీరిగ్గా రాశాక కూడా నా దగ్గర వివరణ లేదు. టీ గ్లాసులు, కారప్పొడి యాదృచ్ఛికం అనుకోగలను. ఎల్లవ్వ మతిమరుపు మనిషి అనుకోగలను. కానీ ఆవిడ చెప్పింది నిజమని ఆవిడే రెండోసారి చెప్పింది. మొదటిసారి ఎవరికి చెప్పిందన్నదే నాకు తెలియడం లేదు. వచ్చాక మళ్లీ గ్రంథాలయంలో వెతుకుతున్నాను. ఇంతవరకు ఏమీ దొరకలేదు.

ఇక నేను కృతజ్ఞతలు చెప్పుకోవాల్సినవాళ్లు. పేరు రాయడానికి ఒప్పుకుని, చదివించుకుని విని, రెండుచోట్ల నన్ను సరిదిద్దిన బాలమణి గారికి. మల్లేశ్‌కు, సుజాతకు, వాళ్లకు గుర్తులేని సాయానికి. ఎల్లవ్వ గారికి. నాతో ఒకరోజు తిరిగిన నవీన్‌కు, ఊరికే భయపడి దూరంగా ఉన్న ప్రసాద్‌కు కూడా. మా గ్రంథాలయంలో ఈ కాగితాలకు తప్పులు దిద్దిన సూర్యారావు గారికి.

చివరగా నర్సింహులు గారికి. ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు. ఆ తొమ్మిది రోజులూ నేను ఒంటరిగా తినలేదు.